కుంటిసాలు

ఆస్పరిలో ఉన్న మా అన్న హుసేనప్పకు బొంబాయి నుంచి తమ్ముడు దస్తగిరి సలాములు. నీ జాబు చేరింది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? నేను బాగున్నాను, దిగులు పడవద్దు. ఈ ఉత్తరం మాత్రం ముందు నువ్వొక్కడివే చదువు. అమ్మకు ఎక్కడి నుంచి వినిపించాలో చివర రాస్తాను.

నాయన పత్తి బేళ్ళతో పాటు బొంబాయి రైలెక్కి పన్నెండేళ్ళయింది కాబట్టి, ఇక లేడనుకుని పోయినవాళ్ళకు చదివించే ఫాతేహా ఇప్పించి, అమ్మ మెడలో నల్లపూసలు తీయించమని పెద్దలు అంటున్నారని రాశావు. అమ్మ ఒప్పుకోవడం లేదని, నాయన వచ్చిన ఊళ్ళోనే నేనూ ఉన్నాను కాబట్టి నా మాట కోసం ఆగామని రాశావు. ఆ మాట చెప్పడానికే ఇదంతా.

ఇక్కడ ఒకటే వాన. మనం వాన కోసం కప్పలకు పెళ్ళి చేస్తాం. ఇక్కడ వాన ఆగడానికి ఎవరికి పెళ్ళి చేయాలో తెలియడం లేదు. పావురొట్టె, చాయ్‌తో కడుపు నిండుతుంది కానీ తిన్నట్టుండదు. పొద్దున లేస్తే ఉగ్గాని, బజ్జీ గుర్తొస్తాయి. ఎవరైనా ఇటు వస్తే పుట్నాల పొడి పంపు. అయినా మూడు పూటలా తింటున్నాను, ఆ బెంగ వద్దు.

పని సంగతి. రేవు దగ్గర గిడ్డంగులకు సరుకు మోసిన పాత రైలు దారి ఒకటి రాతి కమానుల మీద మేడంత ఎత్తున పోతుంది. రైళ్ళు ఆగిపోయి పదేళ్ళయింది. జనం షికారు చేయడానికి ఇప్పుడు దాని మీద తోట వేస్తున్నారు. పట్టాలు అలాగే ఉంచి, నడుమ కంకర తీసి మట్టి పోస్తున్నాం. మూరెడు లోతుకు మించి పోయకూడదు, కమానులు ఆగవట. మన ఆదోని పత్తి ఈ దారినే వచ్చేదని కాపలా ముసలాయన చెప్పాడు. కింద బజారు నిండా అరుపులే, పైకెక్కి నాలుగడుగులు వేస్తే ఏమీ వినపడదు. గాలి వీచినప్పుడు మాత్రం పాత తీగలు నాయన దూది ఏకే విల్లు లాగా మోగుతాయి. మొదటిసారి విన్నప్పుడు చేతిలో పార జారిపోయింది.

ఈ తోటకు నక్షా గీసిన మేడమ్ ఒకామె ఉంది. తనంతట తాను మొలిచిన మొక్కను పీకకూడదని ఆమె పట్టు. అలాంటివాటికి ఎర్ర గుడ్డపీలిక కడుతుంది. మనిషి నాటింది కనిపిస్తే పీకిస్తుంది. పోయిన నెల నేను, ఎమ్మిగనూరు నరసప్ప గడ్డి తీస్తూ పోతుంటే, పట్టా పక్కన పత్తి చెట్లు కనిపించాయి. బాగా ముదిరినవి.

"ఏమప్పా దస్తగిరీ, పత్తి ఈడికి యాడినించి వచ్చినాదప్పా? ఎవురో సాలు పట్టి ఇత్తినట్లుంది సూడు" అన్నాడు నరసప్ప. మగ్గం మీద కూర్చున్నవాడు, వరస చూస్తే కన్ను ఆగుతుంది.

మేడమ్ టేపు పెట్టి కొలిచింది. ఒకటి దూరం, ఒకటి దగ్గర. "మనిషి వేస్తే సమానంగా వేసేవాడు. ఇవి బేళ్ళలోంచి రాలిన గింజలు" అని పీలికలు కట్టి పోయింది.

దూరం, దగ్గర, దూరం, దగ్గర. అన్నా, నీకు గుర్తుందా? ఎద్దులు లేక నాయన అడుగడుక్కీ మడమతో గుంట తొక్కి, పేడమట్టి పట్టించిన గింజలు రెండేసి వేసేవాడు. బండి కింద పడి ఎడమ కాలు పొట్టిదైంది కదా, అందుకని మన చేనంతా అలాగే మొలిచేది. ఊరంతా కుంటిసాలు అని నవ్వితే, "నవ్వుకోండ్రప్పా, సాలు కుంటిదైతే కాయ కుంటిదైతాదా?" అనేవాడు.

నరసప్ప అటు పోయాక, చిన్నప్పుడు మనం నాయనను వెక్కిరిస్తూ నడిచినట్టు ఆ వరస వెంట కుంటుతూ నడిచాను. ప్రతి అడుగూ ఒక మొదలు దగ్గరే పడింది. ఏడ్చాను అన్నా.

కాపలా ముసలాయనను అడిగాను. ఆదోని బేళ్ళతో వచ్చిన కుంటి మనిషి ఒకడు కమాను కింద పరుపులకు దూది ఏకుతూ ఉండేవాడట. వానలు మొదలైతే పైకెక్కేవాడట. "ఏమయ్యాడు?" అన్నాను. "ఎక్కడం చూశాను, దిగడం చూడలేదు" అని బీడీ ముట్టించాడు. ఇంటి దారి తెలిసి కూడా ఎందుకు రాలేదో నాకు తెలియదు. కోపం వచ్చింది. అయినా ఆ చెట్లు చూసి, నాయన ఎక్కడో బతికే ఉన్నాడు, నల్లపూసలు తీయవద్దు అని నీకు ఉత్తరం మొదలుపెట్టాను.

శుక్రవారం దాన్ని చించేశాను. ముదురు చెట్లు ఆగిన చోటు నుంచి, మేము కొత్తగా పోసిన మట్టిలో రెండాకుల పత్తి మొలకలు, నాయన వేసినట్టే గుంటకు రెండేసి, వరసగా లేచాయి. పైకి వచ్చే గేటు ఒక్కటే, దాని తాళంచెవి నా మొలతాడుకే ఉంది. మొలకల పక్కన ఒక్క అడుగు గుర్తు లేదు. మేడమ్ టేపు పెట్టి మండిపడింది. "అన్నీ సమానంగా ఉన్నాయి. ఇది మనిషి పనే. ఎవరు వేశారు? పీకేయ్."

నేను వాటి వెంట కుంటుతూ నడిచాను. అడుగులు తప్పాయి. మామూలుగా నడిచాను. అన్నీ కలిశాయి.

బతికున్న మనిషికి కుంటి పోదన్నా. పెద్దలతో చెప్పు, ఫాతేహా ఇప్పించండి. మొలకలు నేను పీకలేదు. వాటికీ ఎర్ర పీలికలు కట్టాను, ఆమె ఏమైనా అననీ. మసీదు పెద్దలకు నా సలాములు. అమ్మకు ఇక్కడి నుంచి చదువు.

అమ్మా, నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. నాయన జాడ తెలిసింది. ఇంత దూరం వచ్చి కూడా మన సాలు మానలేదమ్మా. నల్లపూసలు ఎవరి చేతా తీయించుకోకు. నీ చేత్తో నువ్వే తీసి, నాయన ఇంట్లో వదిలిపోయిన విల్లుకు కట్టు. ఇక బెంగ పెట్టుకోకు, నాయన కాలు బాగైంది. ఇప్పుడు అందరిలాగే నడుస్తున్నాడు.

నీ దువా కోరే చిన్న కొడుకు,
దస్తగిరి