ఏడో నెలలో వచ్చిన కవరు

ఫిబ్రవరి 7, 2024. యూన్‌లాంగ్, హాంకాంగ్

చైనా కొత్త సంవత్సరం ముందు ఇల్లు దులిపే రోజు. నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడకి డెబ్బై తొమ్మిదేళ్లు, పోపో అంటాను, ఇక్కడి మాటలో అమ్మమ్మ అని. దేవుడి గూడు తుడుస్తూ నారింజపళ్ల పళ్లెం ఎత్తింది. దాని కింద నా పేరు మీద సర్కారు కవరు. దానికి రోజుకొకటి చించే క్యాలెండర్‌లోని ఆగస్టు 21 కాగితం చుట్టి ఉంది. మా చైనా లెక్కలో ఏడోది దెయ్యాల నెల, అప్పుడు ఆఫీసు కాగితం విప్పితే అరిష్టమే పిల్లా, నెల పోయాక ఇద్దామని దేవుడి దగ్గర పెట్టా, మర్చేపోయా అంది.

విప్పాను. హింస నుంచి రక్షణ ఇమ్మని పెట్టుకున్న నా అప్పీలు కొట్టేశారు. కోర్టుకి వెళ్లడానికి మూడు నెలల గడువు. అది నవంబరులోనే పోయింది.

అదే రోజు, సాయంత్రం 6

కోపం వచ్చింది. చాలా వచ్చింది. కానీ నేను చేసిందేమిటి? ఇమిగ్రేషన్ ఆఫీసులో హాజరు సంతకానికి వెళ్లిన ప్రతిసారీ కేసు సంగతి అడక్కుండా వచ్చేశాను. అడిగితే చెడ్డ వార్త తొందరపడుతుందని. పోపోకి దెయ్యాల నెల ఒక్కటే. నాకు పన్నెండు.

ఫిబ్రవరి 8

శ్రీలంకలో మా ఊరు ముల్లైత్తీవుకి తిరిగి పంపేస్తే నన్ను హింసపెట్టిన ఆ మనుషులు మళ్లీ వస్తారు. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. భయంగా ఉంది.

ఫిబ్రవరి 15

క్వాబెనా దగ్గరికి వెళ్లాను. ఘానా మనిషి. మాలాంటివాళ్ల కోర్టు ఫారాలన్నీ ఆయనే నింపుతాడు. ఆలస్యానికి కారణం అన్నచోట జబ్బు అని పడేయ్ అక్కా, అందరికీ అదే రాస్తున్నా అన్నాడు. ఇంతమంది రోగుల్ని డాక్టర్లు కూడా చూసి ఉండరు, జడ్జిగారు చూస్తున్నారు పాపం అన్నాను. నవ్వాడు. అయితే నిజమే రాయి, మీ ముసలమ్మని సాక్ష్యానికి తెచ్చుకో అన్నాడు.

అదే కుదరదు. నా గది ఒకప్పటి పందుల కొట్టం. సర్కారు అనుమతి లేకుండా పోపో దాన్ని అద్దెకిచ్చింది. కోర్టుకొస్తే అది ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. కూలగొట్టేస్తారు.

ఫిబ్రవరి 16

సాక్ష్యం సంగతి పోపోకి చెప్పలేదు.

ఫిబ్రవరి 19

జరిగింది జరిగినట్టు రాశాను. ఇంటావిడ అన్నాను గానీ పేరు పెట్టలేదు. సంతకానికి వెళ్లి కూడా అడక్కపోవడం నా తప్పేనని రాశాను. క్వాబెనా చదివి తల పట్టుకున్నాడు. నీ ఉరితాడు నువ్వే పేనుకుంటున్నావు తల్లీ అన్నాడు. కోర్టు కౌంటర్లో ఫారం మీద స్టాంపు పడింది.

జూన్ 4

కోర్టు. పేరులేని ఇంటావిడ మాట ఎలా నమ్మడం అని జడ్జిగారు అడిగారు. చెప్పండమ్మా అన్నారు. ఆవిడ పేరు చెప్పనన్నాను.

వెనక బెంచీలోంచి పోపో లేచింది. పండక్కి కుట్టించిన పట్టుచొక్కా వేసుకుని వచ్చింది. క్వాబెనా చెప్పేశాడట. ప్రమాణం చేయించారు. సంచిలోంచి ఆ క్యాలెండర్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కవరు దాచింది నేనే, ఈ పిల్లకి తెలీదు, ఆ కొట్టమూ నాదే, పందులు పోయి ఇరవై ఏళ్లయింది, కూలగొడితే కూలగొట్టుకోండి అంది. మరి కవరు ఎందుకివ్వలేదని జడ్జిగారు అడిగారు. ఏడో నెలలో మీ ఇంట్లో ఆఫీసు కవరు విప్పుతారా బాబూ అని ఎదురడిగింది. ఆయన తల వంచుకుని రాసుకున్నారు. నవ్వారేమో తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సంతా వినేలా పోపో చీవాట్లు. నాకు చెప్పకుండా నన్నే కాపాడతావా, నీ వయసెంత, నా వయసెంత అని. నేను ఏడ్చాను. మా అమ్మ పోయాక నన్ను అలా తిట్టినవాళ్లు లేరు.

ఆగస్టు 12

మళ్లీ ఏడో నెల. పోపో కవరు పట్టుకుని ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చింది. పోస్టుమాన్ ఇంకా సందు మలుపు దాటలేదు. విప్పవే, ముందు విప్పు అంది.

ఆలస్యం మన్నించారు. కేసు వింటారు. నవంబరు 19.

ఆగస్టు 13

పొద్దున్నే పోపో క్యాలెండర్ నవంబరు 19 దాకా తిప్పింది. ఆ రోజు మంచిదో చెడ్డదో అందులో రాసింది చదువుకుంది. నాకేమీ చెప్పలేదు. ఆ ఒక్క కాగితం చించి, దెయ్యాలకి కాగితాలు కాల్చే డబ్బాలో వేసేసింది.