టెంట్ వద్దనుకోలేదు మామా

మిర్యాలగూడ

కొమురయ్య మామకు,

ఇక్కడ అందరం బాగున్నాం. శుక్రవారం మా వీడ్కోలు సభకు ఆఫీసువాళ్లు మాడుగులపల్లిలోని నీ టెంట్‌హౌస్‌కే చెప్పారట. ఉత్తరాల సార్టింగ్ పనంతా సూర్యాపేటకు మార్చి, మమ్మల్నీ అక్కడికే పంపాలని చూస్తున్న సంగతి నీకు తెలుసు. మేం పోవడం లేదు. నిన్న యూనియన్‌లో అందరం ఒక్క మాట మీదికి వచ్చాం.

నాతో పనిచేసే భాగ్యశ్రీ పెద్దసారునే అడిగింది: "సార్, గీడ డబ్బాల ఏసిన ఉత్తరం పక్కనున్న మాడుగులపల్లికి పోవాలంటే సూర్యాపేట సూసి రావాల్నా?" ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"సభే లేదన్నంక టెంటెందుకు? వద్దని చెప్దాం" అన్నాడు మా యూనియన్ కార్యదర్శి. నేనే ఆపాను. అదే టెంట్, అవే కుర్చీలు శుక్రవారం పొద్దున్నే తీసుకురా. ఆఫీసు ఆవరణలో కాదు, గేటు బయట వేయించు. ఆఫీసు కిరాయి ముట్టుకోకు, యూనియన్ ఇస్తుంది. శాలువాలు కప్పే స్టేజీ అక్కర్లేదు. కోదాడ సార్టింగ్ ఆఫీసు వాళ్లు కూడా వచ్చి మాతో కూర్చుంటారు, నీళ్ల డ్రమ్ము పెద్దది తే.

వీడ్కోలు సభైతే ఒక్క పూటతో అయిపోయేది. ఇది అట్లా కాదు. గుంజలు జర లోతుగా పాతించు.

నీ మేనకోడలు