నక్క అన్నారు అందరూ

హినోతాని,
సెప్టెంబరు నెలాఖరు.

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ మీ ఓడా క్షేమమని తలుస్తాను. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదు గనక రాశాను. అత్తయ్యగారు క్షేమం, నేను క్షేమం, తుఫాన్లకు తట్టుకుని కొట్టం కప్పు కూడా క్షేమంగానే ఉంది. బాతుల సంగతి దగ్గరికి మెల్లగా వస్తాను.

డర్బన్ నుంచి మీరు వేసిన ఉత్తరం మొన్న అందింది. అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందని అడిగారు. వాన వచ్చే ముందు రోజు మూలుగుతుంది, మిగతా రోజుల్లో గట్ల మీద నాకంటే ముందు నడుస్తుంది. వరి వెన్నులు బరువుగా వంగాయి, గట్ల పొడవునా ఎర్రపూలు విచ్చుకున్నాయి, కోతలు దగ్గరపడ్డాయి. ఇంజను గది వేడికి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయని రాశారు. పీచు చెట్టు ఆకులు ఎండబెట్టి చిన్న సంచీలో పంపుతున్నాను. మరిగించి ఆ నీళ్ళతో ఒళ్ళు తుడుచుకోండి. సిగ్గుపడి దాచెయ్యకండి.

ఇక చివర్లో మీరు అడిగింది. “అన్నయ్య మా ఓడ కంపెనీ వాళ్ళ ద్వారా కబురు పంపాడు. నక్క పడి బాతులు పోయాయట, ఆ కింది మడులు ఇచ్చేద్దాం అంటున్నాడు. నువ్వు వల వదులుగా కట్టావా? కింద గడ్డి కొయ్యలేదా?” అని రాశారు. అది చదివి ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, ముల్లంగి తోముతూ కూర్చున్నాను. తోమి తోమి సగం ముల్లంగి అరగదీశాను. మీ మీద కోపం రాలేదని అబద్ధం రాయను.

వల ఎలా కట్టానో వినండి. మీరు ఓడెక్కిన వారానికి, ఎప్పటిలాగే కలుపూ పురుగులూ తినడానికి బాతుపిల్లల్ని మడుల్లోకి వదిలాం. గుంజకూ గుంజకూ మధ్య వల జారకుండా లాగి, మూలల్లో తాళ్ళు బిగించాను. ఎర్తు కడ్డీ కాలవ పక్కన తడినేలలో దిగగొట్టాను. తడిగడ్డి వలకు తగిలితే కరెంటంతా నేలలోకి పోతుందని మీరే కదా నేర్పింది, కొడవలి పట్టుకుని వేసవంతా గట్ల మీదే పాకాను. పొద్దునా సాయంత్రం పరీక్ష దీపం పెట్టి చూశాను. మడుల్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క బాతు పోలేదు. వెన్ను తీసే వేళకు వాటిని బయటికి తోలి, అదే వల పీకి తెచ్చి, కొట్టం వెనక బీట్లో చుట్టూ కట్టాను. ఓబోన్ పండుగకు, పోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజుల్లో, ప్రాణం తియ్యకూడదని ఆగాం. పండుగ వెళ్ళగానే కత్తికి పోవలసినవే అవి, తెలుసు. వాటి కోసం ఏడ్చేదాన్ని కాను. కానీ చంపేముందు చేతులు జోడిస్తాం, ఒక్క వేటుకు చంపుతాం. మనం తినే తిండికి ఆ మాత్రం మర్యాద ఉంది.

పండుగకు బావగారు, సచియో అక్కయ్య ఒసాకా నుంచి దిగారు. వాళ్ళకు కొడుకు పుట్టాడని మీకు తెలుసా? నాలుగు కాళ్ళ కొడుకు. పేరు మారోన్. వేటకుక్క జాతి, పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు. అక్కయ్య దానికి చెంచాతో పెరుగు పెట్టి, మిగిలింది అదే చెంచాతో తను తింటుంది. చూడలేక నేను లేచి వంటింట్లోకి పోయాను.

బావగారు కొట్టం దగ్గర చెవులు రిక్కించారు.

“ఏమిటమ్మా ఫుసాయె, ఆ టిక్కు టిక్కు?”

“కరెంటు వల డబ్బా, బావగారూ. బాతుల కోసం.”

“మా వాడు పోయి తగిలితే?”

“చురుక్కుమంటుంది. మళ్ళీ ఆ ఛాయలకు పోడు. అంతకు మించి ఏమీ కాదు.”

“అయ్యో, వాడి గుండె అసలే సున్నితం!” అంది అక్కయ్య.

“అయితే తాడు కట్టండి అక్కయ్యా.”

“కన్నకొడుకును కట్టేసుకుంటారా ఎవరైనా? పల్లెటూళ్ళో మీకెలా ఉంటుందో గానీ!”

అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని పెద్దలు తిరిగి ఎక్కి వెళ్ళడానికి వంకాయకు కాళ్ళలా పుల్లలు గుచ్చి ఆవును చేస్తోంది.

ఆ సాయంత్రం పెద్దల్ని పిలిచే మంట వెయ్యడానికి ముందు నేను దీపం పెట్టి చూశాను, వలలో కరెంటు ఉంది. తరవాత బావగారు వెళ్ళి స్విచ్చి తిప్పేశారు. తిప్పుతుంటే అత్తయ్యగారు చూసింది. ఇల్లంతా మాటలూ పళ్ళేల చప్పుడూ కావడంతో డబ్బా ఆగిపోయిన సంగతి నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున మేత బాల్చీతో వెళ్ళాను. కరెంటు లేని వల ఎంత పాడుదో ఇన్నేళ్ళలో అప్పుడే చూశాను. బాతులు బెదిరి ఒక మూలకు తోసుకుని, వల కన్నాల్లో తలలు దూర్చి, మెడలు మెలిపడి వేలాడుతున్నాయి. నేలంతా ఈకలు, పేగులు, మూగిన ఈగలు. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యలో మారోన్ కూర్చుని నన్ను చూసి తోక ఊపింది. ఆకలికి చంపి ఉంటే ఓర్చుకునేదాన్ని, అది ఆటకు చంపింది. బతుకుతాయనుకున్న తొమ్మిదింటిని విడదీశాను. తక్కిన వాటిని నా చేతులతోనే ముగించాను, పండుగ రోజున. పెద్దలు ఏమనుకున్నారో నాకు తెలియదు.

చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వస్తే, బావగారు ఆ కుక్కను మన స్నానాల తొట్టిలో దించి సబ్బు రుద్దుతున్నారు. రాత్రి అందరం దిగి కూర్చునే తొట్టండీ అది! నీళ్ళు ఎర్రగా తిరిగి ఈకలు తేలుతున్నాయి.

“నక్క వచ్చినట్టుందమ్మా” అన్నారు నా వైపు చూడకుండా. “పాపం, మా వాడు తరమబోయి ఒళ్ళంతా నెత్తురు చేసుకున్నాడు.”

ఆ తొట్టి నేను మూడుసార్లు తోమాను. ఇప్పటికీ అందులో దిగి కూర్చోబుద్ధి కావడం లేదు.

కాసేపటికి పక్కింటి ఒగాతా గారు పండుగ పలకరింపుకు వచ్చారు. ఆయనకూ బాతులున్నాయి కదా, సంగతి విని ముఖం వాడిపోయింది.

“నక్కే, ఒగాతా గారూ” అన్నారు బావగారు. “ఆ ప్లాస్టిక్ దారాలకు నక్క ఆగుతుందా? మొగుడు సముద్రం మీద ఉంటే ఆడమనిషి ఒక్కతే ఎంతకని కడుతుంది? అందుకే ఆ రెండు మడులూ మట్టి కాంట్రాక్టరుకు ఇచ్చేద్దామంటున్నాను. ఊళ్ళో పడగొట్టిన ఇళ్ళ మట్టి తెచ్చి చదును చేస్తాడు. వల గొడవా ఉండదు, బాతుల గొడవా ఉండదు.”

సరిగ్గా అప్పుడే మారోన్ ఒళ్ళు కుదించుకుని, మామయ్యగారి ఫొటో పెట్టిన పెద్దల గూటి ముందు చాప మీద ఈకల ముద్ద ఒకటి కక్కింది. ముద్దలోంచి పసుపుపచ్చటి బాతు వేలు బయటికి కనిపిస్తోంది. అక్కయ్య చటుక్కున తను కూర్చున్న మెత్త తీసి దాని మీద వేసింది. ఒగాతా గారు కప్పులోకి చూస్తూ టీ తాగారు.

“నక్కే అయ్యుంటుంది” అంది అత్తయ్యగారు.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. ఒగాతా గారు నా వైపు తిరిగి, “నక్కేనా ఫుసాయె గారూ?” అని అడిగారు. అత్తయ్యగారు నా వైపు చూసింది. పండుగ పూట, పరాయి మనిషి ముందు, పెద్దకొడుకు పరువు తియ్యకే అన్న చూపు. “నక్కేనండీ” అన్నాను. ఆ రుచి ఇంకా నాలుక మీదుంది. డెబ్బై దాటిన ఒగాతా గారు రాని నక్క కోసం పండుగ ముగిసేదాకా రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని తన వల దగ్గర కూర్చున్నారు.

పండుగ ముగిసింది. పెద్దల్ని సాగనంపాం. తొమ్మిది బాతుల చుట్టూ వల మళ్ళీ కట్టి కరెంటు పెట్టాను. తెల్లవారి బావగారు కారులో సామాను సర్దుకుని, ఆఖరిసారి తల్లిని పట్టుకుని కొట్టం వెనక్కి వచ్చారు. కుక్క కారులోనే ఉంది. నేను డబ్బా పక్కనే నిలబడి ఉన్నాను.

“చూడమ్మా, ఇదేనా కంచె? బట్టలు ఆరేసుకోడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది?” అన్నారు.

“ఏమీ లేదంటావా ఇందులో?” అంది అత్తయ్యగారు.

“ఏముందమ్మా? దారాలు!”

అత్తయ్యగారు వంగి రబ్బరు బూట్లు రెండూ ఊడదీసింది. వట్టి కాళ్ళతో తడిగడ్డిలో నడుచుకుంటూ వల దగ్గరికి పోయి చెయ్యి చాచింది.

“అమ్మా! ముట్టుకోకు!” అని అరిచారు బావగారు.

“ఎందుకురా? ఏమీ లేదన్నావుగా.”

పట్టుకుంది. ఒక్క కుదుపుతో చెయ్యి విసిరికొట్టి, బురదలో చతికిలపడింది. జుట్టు ముడి ఊడి భుజాల మీద పడింది. బావగారు పరుగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నక్క వచ్చిందట నక్క! ఇంత కొట్టే వలను నక్క దాటుతుందిట్రా? నువ్వు స్విచ్చి తిప్పడం చూశాను. నీ కుక్కను నాన్న గూటి ముందు కక్కిస్తివి, దాని మీద నీ పెళ్ళాం మెత్త కప్పె, ఆ మెత్త మీద నేను అబద్ధం కప్పితిని. ఛీ! మడుల మాట ఇంకోసారి ఎత్తావంటే నా చావుకు కూడా రాకు.”

కారు వెళ్ళిపోయింది. అత్తయ్యగారు లేచి, ఆ బురద కాళ్ళతోనే ఒగాతా గారింటికి పోయి, నక్క కాదు కుక్క అని చెప్పి వచ్చింది. ఇంత జరిగాక కూడా బావగారు మీకు “నక్క” అని కబురు పంపారు. అమ్మ దగ్గర ఓడిపోయి, సముద్రం మీదున్న తమ్ముడి దగ్గర గెలవాలనుకున్నారు. అసహ్యం వేస్తోంది నాకు. మీరు నమ్మి “గడ్డి కొయ్యలేదా” అని నన్ను అడిగినందుకు ఇంకా ఎక్కువ వేస్తోంది. మడులు ఇవ్వనని ఆయనకు మీరే మీ చేత్తో రాయండి.

ఇంకొకటుంది. రాయకుండా కవరు అంటించేద్దామనుకుని రెండుసార్లు కలం మూసేశాను. ఆవిడ బూట్లు ఊడదీస్తున్నప్పుడే ఏం చెయ్యబోతోందో నాకు అర్థమైంది. స్విచ్చి నా చేతికి జానెడు దూరంలో ఉంది. తిప్పితే చాలు. డెబ్బై ఎనిమిదేళ్ళ మీ అమ్మండీ. నేను తిప్పలేదు. నక్క అన్న ఆ నోటికి ఒకసారి తగలాలనిపించింది. పడ్డాక కూడా లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఇప్పుడు ఆ చల్లదనం తలుచుకుంటే, ఆ తొట్టి నీళ్ళను చూసినప్పటిలాగే ఉంది నాకు. ఆవిడకు ఏమీ కాలేదు, అన్నం బాగానే తింటోంది. మీరు తిట్టాలనుకుంటే తిట్టండి.

ఇందాక ఈ ముక్క రాసి కూర్చుంటే అత్తయ్యగారు బాతులకు మేత వేసి లోపలికి వచ్చింది. తొమ్మిదీ ఉన్నాయి, మీరు వచ్చేదాకా వాటి మీద కత్తి పడనివ్వదట. నా ముఖం చూసి ఎదురుగా కూర్చుంది.

“ఆ రోజు కరెంటు ఉందని తెలిసీ ఆపలేదు కదూ నువ్వు?”

“ఆపలేదత్తయ్యా.”

కాసేపు అరచెయ్యి చూసుకుంది.

“నీ చోట నేనున్నా ఆపేదాన్ని కాదులే. అదీ రాయి వాడికి.”

రాశాను.

ఇట్లు,
మీ ఇంట్లోనే, మీ అమ్మ పక్కనే ఉన్న
మీ భార్య,
ఫుసాయె