కానాగంతా, వంజరం పిల్లా

అక్కా, నేను బాగానే ఉండా, అమ్మని కంగారు పడొద్దని చెప్పు.

చేపల్లో పురుగుల మీద చదివే మేడమ్ కాడ పనికి పోతుండా కదా. మొప్పలు కోసి, పురుగులు తీసి సీసాల్లో వెయ్యాల. తోక కాడ కొక్కేలుండేవి ఒక జాతి, జలగ మాదిరి కరుచుకునేవి ఇంకో జాతి. ఏ చేపలో దొరికిందో సీసా మీద రాస్తేనే మేడమ్‌కి జాతి తేలేది. రాసేది సంగం ఊరి నుంచి వచ్చిన గిరిబాబు. డిగ్రీ చదివినాడని పెన్ను వాడికి, కత్తి నాకు. మైక్రోస్కోపులో కూడా వాడే చూస్తాడు. ఒక్కసారి చూస్తానని అడగాలంటే నాకు సిగ్గు.

సోమవారం వాడు వంజరం చేపపిల్లని పట్టుకుని కానాగంత చేప అని రాసినాడు. నేను చూసి కూడా గమ్మునున్నా. నిన్న మేడమ్ సంబరపడిపోయి, "కానాగంతలో ఈ పురుగు ఇంతవరకు ఎవరికీ దొరకలేదు గిరీ, నీ పేరు కూడా రాస్తా" అనింది. నాకు కడుపు మండిపోయి మొత్తం చెప్పేసినా.

"మూడు రోజులు ఎందుకు దాచిపెట్టినావురా?" అని నన్నే తిట్టింది. వాణ్ని ఒక్క మాట అన్లేదు. పైగా రేపట్నుంచి వాడికి చేపలు గుర్తుపట్టేది నేనే నేర్పాలంట.

అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? నా నీలం చొక్కా రాజ్ కుమార్ అన్న ఇటు వస్తే ఇచ్చి పంపు.

ప్రార్థనలో నన్ను తల్చుకోమని అమ్మకి చెప్పు. గిరిబాబుని మాత్రం వద్దను.

నీ తమ్ముడు దానియేలు