నాన్న పెట్టిన దొంగ సంతకం

ఏమండోయ్, తైనాన్ రైలుకి టైమైంది, వెళుతున్నా. ముల్లంగి సూప్ వేడి చేసుకోండి. మన అమ్మాయి పెయ్‌షాన్ బడి డైరీలో సంతకం పెట్టండి, కోడి కెలికినట్టు కాకుండా. నిన్న మీరు పెట్టినదాని చుట్టూ టీచరమ్మ ఎర్రసున్నా చుట్టి, "ఇది పిల్లే గీకింది, నాన్నచేత పెట్టించండి" అని రాసింది. "నాన్నే పెట్టారు టీచర్!" అంటే అబద్ధమని క్లాసులో నిలబెట్టిందట. ఒకటే ఏడుపు. దాని రాతా మీ పోలికే. లెక్కలన్నీ సరిగ్గా చేసినా, ఏడు ఒకటిలా ఉందని మార్కులు పోయాయి. ఇవాళ ఇద్దరూ గళ్ల పుస్తకంలో చెరో పేజీ రాయండి. మీ పేజీ పెయ్‌షానే దిద్దుతుందట.

షూచిన్

మరిచా: పెళ్ళికి ముందు మీరు రాసిన ఉత్తరం ఇంకా దాచుకున్నా. రెండో పేజీ ఇప్పటికీ చదవలేకపోయాను. మంచిమాటలే అయ్యుంటాయని పెళ్ళికి ఒప్పేసుకున్నా.