మైకు నా సంచిలో ఉంది

బావా,

పచ్చిపులుసు గిన్నెలో ఉంది, పొయ్యి మీద పెట్టకు. నల్లా వస్తే డ్రమ్ము నింపు. సాయంత్రం నీ షిఫ్టు వాళ్ళు హామ్ రేడియో చూడటానికి వస్తారు కదా, ఛాయ్‌కు పాలు ఫ్రిజ్‌లో పెట్టాను.

సెట్టు బల్ల మీదే ఉంది. మైకు మాత్రం నాతో శ్రీరాంపూర్ వస్తోంది. దాని కోసం ఇల్లంతా చిందరవందర చెయ్యకు.

హామ్ రేడియో లైసెన్సు పరీక్ష ఇద్దరం రాశాం, నేనొక్కదాన్నే పాసయ్యాను. లైసెన్సు నా పేరున వచ్చింది. నీ పరువు పోతుందని ఆ మాట బయట ఎక్కడా అనలేదు. డాబా మీది ఏరియల్ వైరు ఎంత పొడవుండాలో లెక్కగట్టి కోసింది కూడా నేనే. నువ్వు లైసెన్సుతో నా స్టేషన్‌కిచ్చిన కాల్‌సైన్‌ నీదని చెప్పుకుని రోజూ మాట్లాడుతున్నావు. మొన్న నేను మైకు అందుకోబోతే లాక్కుని, పక్క క్వార్టర్ సదానందం అన్న ముందే, "ఆడోళ్ళ గొంతు గంత దూరం పోదు తియ్యి. జర ఛాయ్ పెట్టు పో" అన్నావు. ఆయన నవ్వాడు. నేను వెళ్ళి ఛాయ్ పెట్టాను.

ఈ సాయంత్రం ఏడింటికి శ్రీరాంపూర్‌లో నా స్నేహితురాలు జమున వాళ్ళ సెట్టులో మాట్లాడతాను. మన ఇంటి స్టేషన్ ఎవరిదో, పరీక్ష ఎవరు తప్పారో నీ వాళ్ళకు నేనే చెబుతాను. సదానందం అన్నను కూడా రమ్మన్నాను. సెట్టు ఆపావంటే ఎందుకు ఆపావని వాళ్ళే అడుగుతారు. శ్రీరాంపూర్ నుంచి మన క్వార్టర్ దాకా ఆడదాని గొంతు ఎంత బాగా వచ్చిందో రాసి పెట్టు.

స్వరూప

మరిచాను. వినడానికి లైసెన్సు అక్కర్లేదు. అలవాటు లేని పని కనుక నీకు మొదట కష్టంగానే ఉంటుంది.