వెనకాల వినపడ్డ చప్పుడు

చంద్రమౌళి గారికి నమస్కారం.

మా రొయ్యల గుంటల మీద మీరు తీసిన 'ఆదర్శ రైతు' ప్రోగ్రాం టీవీలో బాగా వచ్చింది. విడవలూరులో అందరూ చూసినారు. అయితే నేను మాట్లాడుతుంటే వెనకాల దబదబా బాదినట్టు ఆ చప్పుడేందని ఒకటే అడుగుతున్నారు. గుంటల నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడని చెప్పండి. నా మాట బాగా వినపడాలని వాటిని మీరే ఆపించినారు గదా, ఆ సంగతి మనిద్దరికే తెలుసు.

మా కాపలా మనిషి హజరత్తయ్య కెమెరా ముందుకొచ్చి, ఊరి బావులు మా గుంటల వల్లే ఉప్పైపోయినాయని వాగుతాడని, బ్లీచింగ్ బస్తాల గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టినాను. గంటసేపే గదా అనుకున్నా. ఉబ్బసం ఉందని తెలుసు గానీ, అంత సుకుమారం అనుకోలేదు.

వాడి కూతురు వనజాక్షి మీ ఆఫీసుకొచ్చి, "అది మా నాయన తలుపు కొట్టిన చప్పుడే" అంటే పట్టించుకోబాకండి. కర్మంతరానికి బియ్యం నేనే పంపించినా.

ఆదివారం మళ్లీ వేస్తామన్నారు గదా, మొదటి సగం తీసేయండి. రెండో సగంలో చప్పుడు దానంతటదే ఆగిపోయింది. అక్కడ నా మాట చాలా బాగా వినపడతా ఉంది.

ఇట్లు,
మీ ఆదర్శ రైతు